ఖాళీ గుండ్ల లెక్క

కొంగారెడ్డిపల్లెలో, మిద్దె మీది రేకుల గదిలో
మీట నొక్కతా ఉండాడు మా ఆయన.
లైసెన్సులో చెంగల్రాయుడు, నాకు "ఏమయ్యా".
పిస్తోలు చిన్నదే,
నా నగల పెట్టెలో ఇమడతాది.
క్లబ్బులో నేల మీద ఏరుకొచ్చిన ఇత్తడి గొట్టాలను
చింతపండేసి తోమింది నేను,
కుందులతో బాటే.

"మళ్లీ నింపుకుంటే గుండుకు నలబై మిగలతాది మే!"

మండీవాడి తోతాపురి చీటీ వెనక
నేనూ రాశాను:
మిషను నలబైరెండు వేలు,
ఆయన కాల్చేది నెలకు పది.
నూటయిదు నెలలు పోతేగానీ అసలు చేతికి రాదు.
వచ్చే ఆడికృత్తికకు ఆయనకు డెబ్బై మూడు.

మందు తూచను మా నాయన బంగారు త్రాసే కావాలన్నాడు.
ఫ్యాను ఆపమంటాడు.
నన్ను ఊపిరి గూడా అవతలికి తిరిగి వదలమంటాడు.
పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే
పంచె మీద సగం ఒలకబోసే చెయ్యి
ఇక్కడ ఒక్క రవ్వ జారనియ్యదు.
ముల్లు నడుమకొచ్చి నిలిచేదాకా
నేనూ కదల్లేదు.

చీటీ మడిచి రవికలో దోపుకున్నాను.

"చూస్తివి గదా, గిట్టతాదా?" అన్నాడు తలెత్తకుండానే.

"చింతపండు ఖర్చు రాయలేదు నువ్వు" అన్నాను.