పోయే గాలికి తొవ్వ

ముప్పై ఒక్క ఏండ్లు గాలికి కాపలా ఉన్న.
పేరు ఓదెలు. గోదావరిఖని. బాయిల సర్దారు.
మందికంటె ముందు దిగేటోన్ని,
చేతిల గ్యాసు దీపం, సంకల బుక్కు.

వత్తి తగ్గించి, దీపాన్ని మెల్లగ
పైకప్పు దాంక లేపాలె.
మీథేను అటుక మీది పిల్లి,
సప్పుడు చెయ్యది.
మంట నెత్తిన నీలి టోపీ కనవడ్డదంటే
అది ఉన్నట్టు.
బొగ్గుపులుసు గాలి గుణం వేరే,
కాళ్ళకాడ పండుకుంటది.
దీపం దించితే మంట కండ్లు మూస్తది.
పేరులనే బొగ్గున్నది దానికి,
ఎవలు పెట్టిన్రో గని ఎరికతోనే పెట్టిన్రు.

కింద గాలి ఊకెనే రాదు.
వచ్చే గాలికి ఒక తొవ్వ, పోయే గాలికి ఒక తొవ్వ,
నడుమ పరదాలు, తలుపులు,
మీద పెద్ద ఫ్యాను రాత్రింబవళ్ళు గుంజుతనే ఉంటది.
కరెంటు పోయి అది ఆగిన్నాడు
తట్టా చెమ్మాసూ ఆడ్నే ఇడిసి
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోని నిలవడ్తరు మనుషులు.
ఎవ్వలూ మాట్లాడరు.
మాటకు గూడ గాలి ఖర్చు.

ఒకనాడు కప్పు రాతిల ఆకు అచ్చు చూసిన.
ఈనెలు సుత ఉన్నయి.
"మీ ఊరి మోదుగాకానే?" అని రాజలింగు నవ్విండు.
ఇరవై అయిదు కోట్ల ఏండ్ల కిందిదట.
అప్పటి అడవి పీల్చిన గాలి
బొగ్గయి, కదలకుంట పండుకున్నది.
మేం లేపినం.
టబ్బు మీద టబ్బు నింపి లేపినం.
ఆ పైసలతోనే ఇల్లు కట్టిన, కూలరు కొన్న,
అబద్ధమెందుకు.

రామగుండం పొగగొట్టాలల్ల కెల్లి మీదికి పోయింది అదంత.
కనవడే బూడిద వాకిట్ల రాల్తది,
కోడలు ఊడ్చి పారపోస్తది.
కనవడనిదే రాదు కిందికి.

మనుమరాలు అక్షిత తొమ్మిది సదువుతది.
ఆ గాలే లేకుంటే, తాతా,
భూమి మంచుగడ్డయితుండె అన్నది.
గొల్లాయన గొంగడి తీరు, ఒక్కటుంటే పానం నిలుస్తది.
మనం ఏటికొకటి కప్పుకుంట పోతున్నం.
పది లచ్చల పాళ్ళల్ల రెండొందల ఎనభై ఉండేదట,
ఇప్పుడు నాలుగొందల ఇరవై దాటిందట.
"గంతేనా?" అన్న.
అన్నంక నాకే సిగ్గయింది.

నూటికి ఒకటింబావు అయితేనే
బాయి ఖాళీ చేపిచ్చినోన్ని నేను.
ఆ రాత్రి పదకొండు మందిని మీదికి తోలిన.
మేనేజరు దొర బుక్కు గుంజుకోని
"ఎన్ని టన్నులు పోయినయో ఎరికేనా?" అన్నడు.
ఎరికే, దొరా.
మనుషులు ఎంతమంది పోలేదో గూడ ఎరికే.
రాజలింగు ఇంకా ఉన్నడు,
మార్కండేయ కాలనీల, చెవుడొచ్చింది.

ఇయ్యాల రాత్రి పదకొండయినా గోడ కాలుతున్నది.
కూలర్ల నీళ్ళు ఉడుకుడుకు.
పక్కింటి పసిపిల్ల ఏడ్చి ఏడ్చి
తడిగుడ్డ కింద ఇప్పుడే కన్నంటింది.
నేను మంచం బయటేసుకోని మీదికి చూస్తున్న.
ఎంత పెద్ద బాయి ఇది!
కప్పున్నది. కనవడకున్నా ఉన్నది.
వచ్చే గాలి ఉన్నది.
పోయే గాలికి తొవ్వ మాత్రం
ఎక్కడా తవ్వలేదు.

బాయిల అయితే సీటీ కొట్టి
పైకి రాండ్రా అంటుంటి.
పైనున్నోళ్ళను ఏడికి రమ్మందు?

పాత క్యాలెండరు వెనుక గీతలు కొట్టుకున్న,
బుక్కుల ఉన్నట్టే.
తేది: మే ఇరవై రెండు.
జాగ: వాకిలి.
మంట: నిలకడగనే ఉన్నది, ఇప్పటికైతే.
తనికీ చేసినోడు: ఓదెలు.
మేనేజరు సంతకం: