ఇరవై ఎనిమిదో రోజు

కాంక్రీటు దిమ్మను
ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానబెట్టి
తర్వాత మిషన్లో పెట్టి నొక్కుతారు.
ఏ అంకె దగ్గర పగిలిందో అదే దాని బలం.
సెకండియర్ రికార్డులో ఎర్ర స్కెచ్‌తో గీత కొట్టి మరీ రాసుకున్నా,
నా గురించి అనుకోలేదు.

షార్జాలో రోలా వెనక సందు, ఐదో అంతస్తు.
ఒక గది, ఆరు పరదాలు.
గులాబీ పూల పరదా నాది.
ఆరడుగులు ఇంటూ రెండున్నర:
ప్లాన్ గీస్తే తలుపు పెట్టే చోటుండదు.

డిగ్రీ పట్టాకి ముందువైపు నా పేరు ఒక్కసారే.
వెనక్కి తిప్పితే ముద్ర మీద ముద్ర,
హైదరాబాదు, ఢిల్లీ, అబుదాబి.
చదవడానికి నాలుగేళ్లు పట్టింది,
చదివానని నమ్మించడానికి
అమ్మ గాజులు రెండు పట్టాయి.

పొద్దున్నే దుబాయి బస్సులో
అందరి ఒళ్లోనూ అదే నీలం ఫైలు.
ఎవరూ ఎవరి ఫైలూ చూడనట్టు
కిటికీలోంచి క్రేన్లు లెక్కపెడతాం.
ఇన్ని క్రేన్లు!
ఒక్కదాని కిందైనా
ఒక హెల్మెట్ ఖాళీగా ఉండదా?

"గల్ఫ్ అనుభవం ఉందా?"
పంతొమ్మిది రోజులుంది సార్ అన్నాను.
ఆయన నవ్వలేదు.
"ఆడపిల్లవి, సైటు మీద ఎండ తట్టుకోగలవా?"
రాయచోటిలో పుట్టిన దాన్ని
ఎండ గురించి అడిగారు.
ఫోన్ చేస్తామన్నారు.

కింది మంచం మస్తానమ్మ, టైలరు,
రాత్రి బుర్ఖా అంచు కుడుతూ చెప్పింది:
"విజిట్ వీసా అంటే అద్దె చీర అమ్మీ,
కట్టుకున్నట్టే ఉంటాది,
మడత నలగకముందే వాపసు ఇయ్యాల."

ఇరవై ఎనిమిదో రోజు
ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టెస్టింగ్ ల్యాబు.
పెద్దాయన కుర్చీ చూపించలేదు,
తొట్టిలోంచి ఒక దిమ్మ తీసి చేతికిచ్చాడు.
"చేసి చూపించు."

గుడ్డతో తడి తుడిచాను.
పక్కన మైనంతో రాసిన తేదీ
నేను విమానం దిగిన తేదీ.
సైటు పేరు,
ఫోన్ చేస్తామన్న వాళ్లదే.

ముల్లు ఎక్కుతోంది.
ముప్ఫై. ముప్ఫై ఎనిమిది. నలభై.
చిన్న చప్పుడు, వేలు విరిచినట్టు.
నలభై మూడు.
నాలుగు పక్కలూ రాలిపోయి
మధ్యలో డమరుకం నిలబడింది.
సరిగ్గా పగిలితే అట్లాగే మిగలాలి.

ఉన్నదున్నట్టు రాశాను, నలభై మూడని.

సోమవారం రమ్మన్నారు.
కాగితం మీద టెక్నీషియనట,
ఇంజనీరు అన్న మాటకి ఆ గడిలో ఇంకా చోటు లేదు.

మస్తానమ్మకి ఫోన్ చేశాను.
"చీర వాపసు ఇయ్యక్కర్లేదా ఇంక?"
లేదక్కా,
మడతైతే నలిగింది.