నిండు చేతుల రైక

ఆదోనిలో రోహిణి కార్తె.
నా షాపు రేకులు కాలి టిక్కుటిక్కుమంటాండాయి.
ఉరుకుందమ్మ వచ్చి
"నిండు చేతులు పెట్టు మాబున్నక్కా,
మణికట్టు దాకా" అనింది.
జిన్నింగు మిల్లులో దూది దుమ్ము
చెమటకు అతుక్కునే దినాల్లో
ఎవురైనా కురచ చేతులు అడుగుతారు గానీ.
"కొత్త సోకా?" అని నవ్వితి.
ఆమె కూడా నవ్వింది.
పై పెదవి ఒక పక్క కదల్లేదు.

పన్నెండేండ్ల కొలతల పుస్తకం.
చేతి చుట్టు శ్రావణంలో పది, ఉగాదికి తొమ్మిది.
మెడ లోతు ఆరు, తర్వాత నాలుగు,
ఆ పైన ఏకంగా కాలరు.
ఒంటి మీద యాడేడ దాచాలనో
ఏండ్లుగా నాకు చెప్తానే ఉండాది.
నేను ఇంచీలు రాసుకుంటి.

హుక్కులు గుడ్డతో సహా ఊడొచ్చిన రైకలు
నెలకు రెండు తెచ్చేది.
దారం నాసిది అనుకోని
రెండు పేటలతో కుట్టిస్తి.

టేపు భుజానికి తగిలితే ఉలిక్కిపడేది.
"చక్కిలిగింతలా?" అంటి.
ఒకసారి కాదు, మూడుసార్లు.

మొగుడూ పెండ్లాల నడుమ మనమెందుకని
మాయమ్మ చెప్పిన మాటను
దారం కొస మాదిరి
నోట్లో తడుపుకుంటా కూచుంటి.

బళ్లు తెరిచే ముందు పాపను తోలుకొచ్చింది.
ఆరో తరగతి.
"గౌన్లు వద్దు, పైజామాలు కుట్టు.
ఎలాస్టిక్ వద్దు, నాడా వేయి.
ముడి బిరీన రాకూడదు."

"బడిలో ఒంటేలుకు పోవాలంటే
పిల్ల యెట్ల విప్పుకుంటాదే?"
అనేసినాక
నా మాట నాకే ఇనబడింది.
ఆ ముడి పిల్ల చేతుల కోసం కాదు.

చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపితి.
మెడలో టేపు తీసి బల్ల మీద పెడితి.
షట్టరు సగం దించి
అడిగితి,
"ఎవురు?"

ఉరుకుందమ్మ గుడ్డ మడుస్తాంది.
మడిచింది విప్పి మళ్లా మడుస్తాంది.
బయట ఎమ్మిగనూరు బస్సు పోయింది.
ఇంకోటి పోయింది.
పాప బాబిన్ నుంచి ఎర్రదారం లాగతాంది,
మూరలు మూరలు.
చిక్కు పడితే పడనీలే అని
చూస్తా ఉంటి.
పొద్దు ఇంకా చానా ఉండాది.