మస్టర్లో లేని గడి

కళ్యాణదుర్గం బైపాసు పక్కన మిల్లు.
చెనిక్కాయ పొట్టు గాలికి లేచి
నా లెక్కల పుస్తకంలో పడేది.
పదకొండేండ్లు మస్టరు రాసినా.
హంపమ్మ, తిప్పక్క, మాబున్నీ,
చిన్న ఓబుళమ్మ, పెద్ద ఓబుళమ్మ...
నలభై రెండు పేర్లు.
దినానికి మున్నూట యాభై.

హంపమ్మ వేలిముద్ర సరిగా పడదు.
గింజలు ఏరీ ఏరీ గీతలు అరిగిపోయినాయి.
రేషనంగడి మిషను కూడా
ఆమెను ఆమె కాదంటుంది.

చేట ముందర కూచుంటే కండ్లు ఎక్కడో ఉండేవి,
చేతులే చూసేవి.
ముడుచుకున్నది, మొలకొచ్చింది,
రేపు బూజు పట్టబోయేది.
"పైకి నవ్వుతాంది, కడుపంతా చేదు, చూడన్నా"
అని ఒక గింజ నా కాగితాల మీదికి విసిరేది.
కొరికితే నిజమే.

మాఘమాసంలో లారీ దిగింది.
కూడా వచ్చిన కోయంబత్తూరు పిల్లోడు మర్యాదస్తుడు.
మిషనుకు కెమెరాలున్నాయంట, చూపు రాలేదంట ఇంకా.
"అమ్మా, మంచివి ఇటు, చెడ్డవి అటు, ఏరియ్యండి."
మూడు దినాలు ఏరింది.
అది రెప్ప కొట్టకుండా చూసుకుంటా ఉండె.
నాలుగో దినం ఉఫ్ మని గాలి ఊదితే
చెడ్డ గింజ ఎగిరి అవతల పడింది.
ఆడోళ్ళంతా నవ్వినారు.
హంపమ్మే ఎక్కువ నవ్వింది,
మనవడు మొదటి మాట పలికినట్టు.

ఆ వారమే ముప్పై ఎనిమిది పేర్లకు గీత కొట్టినా.
స్కేలు పెట్టి.
వంకర పోకూడదని.

తిప్పక్క ఉపాధి పనికి పోతాంది.
మాబున్నీ బస్టాండులో పూలమ్ముతాంది.
పెద్ద ఓబుళమ్మ సంగతి తెలీదు. అడగలా.

ఈ ఏడు కాయ పీకే దినాల్లో వాన పడె.
గింజంతా ఎర్రమన్ను రంగు.
మిషను మంచిదాన్నంతా ఊదేసింది.
"హంపమ్మను పిలిపీ" అన్నాడు షావుకారు.

వచ్చింది. కూచోలేదు. చేట పట్టలేదు.
"ఏరేదానికి మున్నూట యాభై, సరే.
నేర్పేదానికి ఎంతన్నా?"

షావుకారు నవ్వినాడు.
నేనూ నవ్వబోయి ఆగిపోయినా.
వచ్చే నెల నుంచి హాజరంతా ఫోన్లోనేనని
పొద్దున్నే చెప్పినాడు నాకు.

ఆమె గడప దగ్గర అట్లే నిలబడుంది.
పుస్తకం తెరిచినా.
పేరు, దినాలు, కూలి, సంతకం.
సంతకం పక్కన స్కేలు పెట్టి
ఇంకో గీత గీసినా.
గడి అయితే వచ్చింది.
పైన ఏమని రాయాల్నో తెలీక
పెన్ను మూత తీసుకోని
హంపమ్మ మొగం చూస్తాండా.