తలవైపు మూడు ఇటుకలు

మా మంచం ఇప్పుడు కొండవాలు.
తలవైపు మంచంకోళ్ళ కింద మూడేసి ఇటుకలు పెట్టాడు జావుర్,
కూలిపోయిన పాత కొట్టుగది గోడవి.
రాత్రి అతని పక్కనే పడుకుంటాను,
తెల్లారేసరికి అతని మోకాళ్ళ దగ్గర తేలతాను.

డాక్టరు ఇర్మా బొమ్మ గీసి చూపించింది.
కడుపు పైన ఒక మూత ఉంటుందట,
అది వదులై, పులుపు ఎగదన్ని
గొంతు తీగల్ని కాలుస్తోందట.
మూత సంగతి మాకొకరు చెప్పాలా?
కఖేతిలో పుట్టినవాళ్ళం.
నేలలో పాతిన కాగుల్లో ద్రాక్షరసం పొంగుతుంటే
మూత బిగించేవాడు మూర్ఖుడు,
పొంగణిగాక బిగించనివాడు బికారి,
అని మా అత్త నోట ఏటా వినేదాన్ని.

ముప్పై ఏళ్ళు ఊరి విందులన్నిటికీ అతనే తమదా.
అతను మాట చెప్పందే ఎవరూ గ్లాసు ఎత్తేవాళ్ళు కాదు.
పుట్టినవాళ్ళకీ, పోయినవాళ్ళకీ,
ఇంకా దారిలో ఉన్నవాళ్ళకీ.
ఆ గొంతు అలజానీ నది అవతలికి వినపడేదని పొగిడేవాళ్ళు.
నిజానికి మూడో వీధి దాకా.
నాకది చాలు.

ఇప్పుడు లేస్తూనే ఖర్ ఖర్ మని సవరించుకుంటాడు.
గొంతులో అక్రోటుకాయ ఇరుక్కుందంటాడు.
టార్చిలైటు వేసి చూశాను, ఏమీ లేదు.
మింగలేడు, కక్కలేడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండు దాటాక,
దిగ్గున లేచి కూచున్నాడు.
ఊపిరి లోపలికి పోవడం లేదు.
గడియ పడ్డ తలుపుని ఎవరో లోపల్నించి గుంజుతున్నట్టు
ఒక కూత. గాడిదది కాదు, మనిషిది కాదు.
కళ్ళు నా మొహమ్మీదే.
నాకు ఒక్క ప్రార్థనా గుర్తు రాలేదు.
వీపు నిమురుతూ, ముక్కుతో, ముక్కుతో, అన్నాను
పాలు పొరబోయిన బిడ్డతో అన్నట్టు.
గోడ గడియారం లెక్కలో అర నిమిషం.
ఊపిరి తిరిగొచ్చాక అతనన్న మొదటి మాట:
"ఆ ఖింకాలీలు ఏమైనా మిగిలాయా?"
దిండు పెట్టి కొట్టాను. తర్వాత ఏడ్చాను.

అప్పట్నుంచి ఆరింటికే భోజనం.
టమాటా లేదు, పుదీనా లేదు, కాఫీ లేదు,
ద్రాక్షసారా ఊసే లేదు.
ఊళ్ళో విందులు ఎనిమిదికి మొదలవుతాయి.

మొన్న నుగ్జార్ పోయి నలభయ్యో రోజు.
కుర్ర మమూకా తమదా. పాఠం అప్పజెప్పినట్టు అరిచాడు.
జావుర్ గోరువెచ్చని నీళ్ళతో మూలన కూచున్నాడు.
పోయినవాళ్ళ పేరు మీద నీళ్ళ గ్లాసు ఎత్తడం
మా దగ్గర మర్యాద కాదు.
గ్లాసు అక్కడే వదిలేసి
నుగ్జార్ ఖాళీ కుర్చీ దాకా నడిచి,
వంగి, ఏదో చెప్పాడు
ఆ అరిగిపోయిన గొంతుతోనే.
ఎవరికీ వినపడలేదు. నాక్కూడా.
ఇంటి దారిలో అడిగాను.
"పొద్దున చెప్తాలే, గొంతు లేస్తే."

పొద్దున నేను అడగలేదు.

ఈ రాత్రి జారుతూ జారుతూ
అతని పొట్ట దగ్గర ఆగాను.
లోపల ఏదో గుడగుడమంటోంది.
కాగు మీద చెవి ఆనించి వినేది మా అత్త,
పొంగు అణిగిందో లేదో తెలియాలని.
చెవి ఆనించాను.
ఇంకా లేదు.