ఆరో గడి

బీరువా తీస్తే ముందు చెదలు పలకరించినాయి.
చిత్తూరు నుంచి లారీలో దిగిన పాత రిజిస్టర్లు,
కొన్నిటి మీద మద్రాసు అచ్చు.
అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలంట నేను,
నెలకు పదమూడు వేల ఐదొందలకు.

మొదటి పుస్తకంలో ఆరో గడి పేరు: నేరము.
"వయస్సు ఏడు. పాకాల జంక్షనున దొరికెను.
నేరము: తల్లిదండ్రులు లేకపోవుట."
ఆ గుమాస్తా కసాయివాడేం కాదు,
అక్షరాలు ముత్యాలు.
గడి ఉంది, నింపినాడు.
పక్క గడిలో, శిక్ష కింద:
"పదునెనిమిది నిండువరకు."

ఎనభై ఆరు తర్వాత కొత్త చట్టం వచ్చింది,
కొత్త పుస్తకాలు రాలేదు.
నేరము మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత,
పైన ఇరుకిరుకుగా ఇంకో మాట.
గీత కింద పాతది ఇప్పటికీ చదవొచ్చు.
ఇంకో చట్టానికి మాట ఇంకా మెత్తబడింది:
సంరక్షణ అవసరమైన బాలుడు.
కిటికీ ఊచలు అవే. రంగు మార్చినారు.

వంటింట్లో చెంగమ్మకు ఇవేవీ పట్టవు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెది ఒకటే మాట,
ఏ చట్టంలోనూ లేని మాట:
"పిలకాయలు ఎంతమంది? ఎసరు ఎంత పెట్టాల?"

తొంభై ఏడు పుస్తకంలోంచి
ఒక ఫొటో ఊడి నా ఒళ్ళో పడింది.
గుండు, గుండు మీద గంధం, చెంపన చార.
కొండ దిగే జనంలో చెయ్యి జారిన ఆడపిల్ల.
ఆర్నెల్లకు రాయచూరు నుంచి తల్లి వచ్చిందంట,
రెండు జడల ఫొటో కొంగులో కట్టుకుని.
ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి చూసి
"పోలిక లేదమ్మా" అన్నాడంట.

చింతపండు పిసుకుతా చెప్పింది చెంగమ్మ:
"అప్పటికి జుట్టు వచ్చేసుండె.
పెరట్లో తొక్కుడుబిళ్ళ ఆడతా ఉండె.
పిలిచుంటే సరిపోయుండు.
ఆయప్ప ఫైలు చూపించినాడు."
తర్వాతేమైందని అడిగినాను.
పిప్పి పారబోసి చెయ్యి కడుక్కుంది.

ఈ పొద్దు ఒకటో ప్లాట్‌ఫారం మీద
టీలమ్మే మస్తానయ్య పది తొంభై ఎనిమిదికి ఫోన్ చేసినాడు.
రైల్వే పోలీసామె ఒక అబ్బోణ్ణి తెచ్చింది,
ఒక కాలికే చెప్పు.
తెర మీద ఆరో గడి పేరిప్పుడు: స్వస్థలం.
ఖాళీగా వదిలితే ఎర్రబడుతుంది,
ముందుకు పోనీదు.

"మీ ఊరేదిరా?"
"మా అవ్వోళ్ళ ఇల్లు."

జిల్లాలు దించినాను, మండలాలు దించినాను.
ఆ ఊరు జాబితాలో లేదు.

తెర పక్కకు తిప్పి వాణ్ణి చూసినాను.
ఎడమ కనుబొమలో పాత గాటు.
నవ్వితే కుడి చెంపకే సొట్ట,
అదీ బిస్కెట్టు ఇచ్చినాకే కనపడింది.
వీటికి గడి లేదు.
చెదలు తినగా మిగిలిన మార్జిన్లో
పెన్నుతో రాసుకున్నా.

వంటింట్లోంచి కేక:
"ఒకరేనా?"
"ఒకరే."
చేటలో ఇంకో గుప్పెడు బియ్యం పడిన చప్పుడు.