తొమ్మిదికి తోక

చాకలిపేటలో, టైర్ల కొట్టు అరుగు కింద
గోనెపట్టా పరుచుకుని కూర్చునేది పెంచలమ్మ.
ముందు పదకొండు స్టీలు గిన్నెలు.
అన్నిటికీ సొట్టలే.
మింట్ వీధి సేట్లు మూలన పడేస్తే
కిలో లెక్కన తూయించి తెచ్చుకున్నవి.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఆ పూట పని లేదు.
"అబ్బయా, ఒక అట్టముక్క మీద ధర రాసి పెట్టు,
అరిచి అరిచి గొంతు నొప్పెడతా ఉండాది" అంది.
ఎంతని రాయను?
పది అనబోయి ఆగింది.
"తొమ్మిదని రాయి.
పదిచ్చినోడు ఒకటి తిరిగి తీసుకునేటప్పుడు
నా మొహం చూస్తాడు.
మొహం చూసినోడు మళ్ళీ వస్తాడు."

అరవంలో రాశాను. కింద తెలుగులో రాశాను.
అంకెకు ఏ భాషా లేదు గనక
దాన్ని అట్టంత చేసి
తోకను కాస్త వంకర తిప్పి వదిలాను,
గరిటె కాడ ఒంగినట్టు.
కూలి ఇవ్వలేదు. మూతి నొక్కుకుపోయిన చెంబొకటి ఇచ్చింది.
ఇవాళ్టికీ అందులోనే బ్రష్షులు నానేస్తాను.

కొనేవాళ్ళ చేతికి గిన్నె ఇచ్చి
ముందు సొట్టే చూపించేది.
"ఇదిగో, ఇక్కడ. వేలు పెట్టి చూడు.
చారు కాగేదానికి ఇదేం అడ్డం?"
బేరమాడితే నవ్వేది. దిగేది కాదు.
"బేరం నేనే ఆడి తెచ్చినానమ్మా,
నీకెందుకు మళ్ళీ ఆ శ్రమ?"

మొదటి కొట్టుకి తలుపు లేదు, పరదా.
రెండోదానికి షట్టరు.
మూడోది పెరంబూరులో.
అక్కణ్ణించి నాకు లెక్క తప్పింది.
ఆమెకు తప్పలేదు.
సంతకం రాదు గానీ
ఏ కొట్టులో ఎన్ని బక్కెట్లు మిగిలాయో
నిద్రలో లేపి అడిగినా చెప్పేది.
ఒక దీపావళికి ఆరువందల తొమ్మిదులు రాశాను.
ఆ రాత్రి అన్నం కలుపుతుంటే
కంచంలో వేళ్ళు వాటంతటవే తోకలు తిప్పాయి.

మాధవరం గోడౌనులో నడుం లోతు నీళ్ళు నిలిచిన ఏడు,
అందరూ తుడిచి, ఆరబెట్టి, కొత్తవని అమ్ముకుంటుంటే
నాకు కబురంపింది.
"తడిసినవి అని రాయి. దూరానికి కనపడాల."
జనం బారులు తీరారు.

అదే ఏడు
టైర్ల కొట్టు పక్కన దువ్వెనలమ్మే జమీలాబీ
పట్టా చుట్టుకుని వెళ్ళిపోయింది.
ఆమె దగ్గర అయిదు రూపాయలకు ఒకటి.
పెంచలమ్మ దగ్గర అయిదుకి మూడు.
ఆ మూడు అంకె కూడా నా చేతిదే.

తర్వాత లెక్కలు చదివిన కుర్రాళ్ళు వచ్చారు.
"నూట అరవై వేసి కొట్టెయ్యండి,
పక్కన తొంభై తొమ్మిది వెయ్యండి" అన్నారు.
నూట అరవైకి అది ఎప్పుడు అమ్మాం?
నేను పెంచలమ్మ వైపు చూశాను.
ఆమె ఫ్యాను వైపు చూసింది.
గీత కొట్టాను.
అదే నా చివరి అట్ట. ఆపైన మిషన్లు.

మొన్న అన్నానగర్‌లో ఆమె కొట్టుకెళ్ళాను.
అద్దాల మీద, సంచుల మీద,
బిల్లు కొట్టే పిల్ల చొక్కా జేబు మీద
దీపాలు పెట్టిన తొమ్మిది.
తోక నాది.
గిన్నె ఒకటి తీసి చుట్టూ తడిమాను.
వేలు ఎక్కడా ఆగలేదు.

వంద ఇస్తే బిళ్ళ చాక్లెట్టు పెట్టింది చేతిలో.
"చక్కెర జబ్బమ్మా. రూపాయే ఇవ్వు."
డ్రాయరంతా వెతికింది. లేదు.
వెనక జనం గొణుగుతున్నారు.
కౌంటరు కిందికి వంగి
తన పర్సు విప్పి, బస్సు చిల్లరలోంచి
ఒక రూపాయి ఏరింది.

తీసుకునేటప్పుడు
ఆ పిల్ల మొహం చూశాను.